సందు కాడ చెప్పులు

పంజాగుట్టలో ఆ బిల్డింగుకు గోడలు లేవకముందే పచ్చ బోర్డు లేచింది. వాన నీళ్లు ఒడిసిపడతామని, కట్టె ముక్క కూడా వృథా చెయ్యబోమని, కూలీ ఒంటి మీద గీత పడనివ్వమని దాని మీద రాసి పెట్టారు. పక్కన మెట్రో పిల్లర్ల కోసం భూమిని తొలుస్తున్న మిషన్ల మోతలో దాన్ని చదివే తీరిక ఎవడికి?

మహిపాల్ మాత్రం రోజూ చదివేవాడు. వాడి కొలువు ఆ బోర్డు పుణ్యమే. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నల్లుల మధ్య పడుకుని, అమీర్‌పేటలో ఒకదాని మీద ఒకటి కోర్సులు చేసి, చివరికి ఈ సైటులో రేకుల గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పని ఏంటంటే హెల్మెట్లను చూడటం. ప్రతి హెల్మెట్‌లో ఒక చిప్పు. గుంతలోకి దిగే దారిలో ఒక ఇనుప చట్రం. హెల్మెట్ చట్రం దాటితే స్క్రీన్ మీద అంకె పెరుగుతుంది, స్తంభం మీద ఎర్ర లైటు వెలుగుతుంది. లోపల ఎవరూ లేకపోతే పచ్చ లైటు. పచ్చ లైటు ఉంటేనే జేసీబీ మొగిలయ్య మన్ను పొయ్యాలి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మనుషుల ప్రాణం మొత్తం ఒక అంకె.

ఆ మధ్యాహ్నం వాన నీళ్ల ట్యాంకు గోడ వెనక సందు పూడ్చాలి. ఒక పక్క కాంక్రీటు గోడ, ఒక పక్క రెండు నిలువుల మట్టి కట్ట, నడుమ మనిషి పట్టేంత సందు. స్క్రీన్ మీద సున్నా. స్తంభం మీద పచ్చ లైటు. మొగిలయ్య అప్పటికే మట్టి కుప్ప దగ్గర బకెట్ నింపుతున్నాడు.

మహిపాల్ కాళ్లు సాగదీసుకుందామని బయటికొచ్చాడు. సందులోకి దిగే దారి ఒడ్డున చెప్పులు కనబడ్డాయి. ఆడవాళ్ల చెప్పులు, ఒకదాని పక్కన ఒకటి. చంద్రమ్మది పిన్నీసు పెట్టిన చెప్పు, వాడు గుర్తుపట్టాడు. చంద్రమ్మ ఆ ఆడకూలీల ముఠాకు పెద్ద. బురదలో జారుతుందని వాళ్లు సందులోకి దిగే ముందు చెప్పులు ఒడ్డునే విడుస్తారు.

వాడు రేకుల గదిలోకి పరుగెత్తి స్క్రీన్ చూశాడు. సున్నా. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. సున్నానే.

కూలీలు కూర్చునే షెడ్డులోకి పోయాడు. ఆడవాళ్ల హెల్మెట్లన్నీ మేకులకు వేలాడుతున్నాయి. చంద్రమ్మకు ఫోన్ కొట్టాడు. హెల్మెట్ కింద ఉన్న సంచిలోంచే మోగింది. హెల్మెట్ ఈడ, ఫోన్ ఈడ, చెప్పులు ఆడ. మరి మనిషి ఏడ?

ప్రాజెక్ట్ ఇంజనీర్ భార్గవ్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. కాకినాడ మనిషి, అన్నింటికీ తొందరే.

"ఏంటి మహిపాల్, మొగిలయ్య ఇంకా మొదలెట్టలేదేంటి? రేపు గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు వస్తున్నారు, గుర్తుందా?"

"సార్, సందు కాడ చెప్పులున్నయి."

"చెప్పులా? పొద్దున గమ్‌బూట్లు పంచాం కదయ్యా. కొత్తవి వేసుకుని పాతవి అక్కడ పడేసి ఉంటారు."

నిజమే, బూట్లు పంచారు.

"చాయ్ టైమ్ కూడా అయింది. గేటు బయట ఉంటారు. స్క్రీన్‌లో ఎంత ఉంది?"

"సున్నా సార్. కానీ హెల్మెట్లు షెడ్డుల ఉన్నయి."

"మనుషులు బయటికి పోతే హెల్మెట్లు షెడ్డులోనే ఉంటాయి. నువ్వు నేర్చుకున్న చదువు ఇదేనా? పోయిన వారం ఊరికే పని ఆపావు. ఇంకోసారి ఆపితే అమీర్‌పేటలో ఇంకో కోర్సు వెతుక్కో."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. వాడు చెప్పులను చూశాడు, లైటును చూశాడు. చెప్పులు ఉన్నారంటున్నాయి, లైటు లేరంటోంది. బూట్ల సంగతి తలుచుకుంటే చెప్పుల మాట అబద్ధం. చంద్రమ్మ సంగతి తలుచుకుంటే లైటు మాట అబద్ధం. అరిచి పిలిచాడు. మెట్రో మిషన్ వాడి గొంతును మింగేసింది. మొగిలయ్య బకెట్ ఎత్తి కట్ట వైపు కదిలాడు.

ఇక ఆలోచించలేదు. నెత్తి మీద తన హెల్మెట్ ఉందన్న సోయి కూడా లేకుండా చట్రంలోంచి లోపలికి ఉరికాడు.

సందు మలుపు తిరిగితే వాళ్లే! చీర కొంగులు బొడ్లో దోపుకుని, నెత్తి మీద చుట్టబట్ట, దాని మీద తట్ట. తట్టలో కట్టె ముక్కలు. కట్టె ముక్క మట్టిపాలు కావొద్దని బోర్డు నియమం కదా, అందుకని మేస్త్రీ వాళ్లను ఏరుకు రమ్మన్నాడు. కాళ్లకు ఏమీ లేవు.

"ఏంది బిడ్డా, గింత ఉరుకుతున్నవ్? పాము గిట్ల కనవడ్డదా?" అంది చంద్రమ్మ.

"బయటికి నడువుండ్రి! మన్ను పోస్తుండ్రు! హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదక్కా?"

"టోపీ మీద తట్ట నిలవడుతదా? జర నువ్వు మోసి చూపియ్యి, చూస్త."

"మరి బూట్లేవి?"

"కొత్తయి బురదల ఖరాబు చేస్తరా ఎవలన్న? మా ఆయనకు నాట్లప్పుడు పనికొస్తయని మూటగట్టిన."

మహిపాల్ తల పైకెత్తాడు. కట్ట అంచున జేసీబీ బకెట్ నిండుగా వేలాడుతోంది, కదలడం లేదు. స్తంభం మీద ఎర్ర లైటు. వాడి హెల్మెట్ వెలిగించిన లైటు. వాళ్లు అంతమంది ఉంటే పచ్చగా నవ్విన లైటు, వాడొక్కడు రాగానే ఎర్రబడింది. మిషన్ పనిచేసినట్టా, చెయ్యనట్టా?

అందరినీ పైకి తోలాక భార్గవ్ ఎదురొచ్చాడు. ఆడవాళ్లను చూసి ముఖం తెల్లబోయింది. నోటి నుంచి వచ్చిన మాట మాత్రం ఇది: "రిపోర్టులో లోపలికి దిగింది నువ్వొక్కడివే కనబడుతోంది. హెచ్చరిక నీ పేరు మీదే వస్తుంది. నేనేం చెయ్యలేను."

"మరి వీళ్లు సార్?"

"వీళ్లు సిస్టమ్‌లో లేరుగా."

చంద్రమ్మకు ఆ మాట సగమే అర్థమైంది. "లేకుంటే మంచిదే సారు, లోపల ఇంకా కట్టె ఉన్నది," అని తట్ట అందుకుంది.

భార్గవ్ ఆపలేదు. మేస్త్రీ ఆపలేదు. ఆపితే రేపటి సర్టిఫికెట్ ఆగుతుంది. మహిపాల్ వాళ్ల వెనకే చట్రం దాటి పోయి, గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనుప రాడ్డుకు తన హెల్మెట్ తగిలించి, వట్టి తలతో తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. స్తంభం మీద ఎర్ర లైటు కదలకుండా నిలిచింది. వాడు చేసింది మిషన్‌ను మోసం చేయడమో, దానితో నిజం చెప్పించడమో వాడికే తెలియలేదు.

భార్గవ్ కిటికీలోంచి తల పెట్టాడు. "స్క్రీన్‌లో ఒకటి చూపిస్తోంది. లోపల ఎవరది?"

"నేనే సార్."

"నువ్వు ఇక్కడున్నావుగా?"

"అవును సార్," అన్నాడు మహిపాల్, ఒడ్డున ఉన్న చెప్పుల మీద నుంచి చూపు తిప్పకుండా. "వాళ్లు ఆ చెప్పులు తొడుక్కునేదాంక ఆడనే ఉంట."