నమూనాల గోడ

పెళ్ళయి నలభై రోజులైనా ఆ ఒంటిగది చెక్క ఇంట్లో ఆమెకు దేనిమీదా మోజు తీరలేదు. తలుపు కిర్రుమంటే నవ్వొచ్చేది. గుమ్మం పక్క పలకలో పిల్లికన్నులాంటి ముడి ఒకటి ఉంది. పొద్దున్నే లేచి దాన్ని పలకరించనిదే పళ్ళు తోముకునేది కాదు.

చిక్కల్లా వానలతోనే. పక్షం రోజుల్లో మొదలవుతాయి. బయటి గోడ పలకలు పచ్చి చెక్క. పూత లేకపోతే నీళ్ళు తాగి వంకరపోతాయి.

మామగారి స్నేహితుడు, పెయింటర్ బాబాయి, నాలుగు డబ్బాలు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"రంగేస్తే నీ పిల్లికన్ను కనబడదు తల్లీ. వార్నిష్ మెరుస్తుంది గానీ ఎండకి పొలుసులు లేస్తుంది. నూనె ఏటా పూయాలి. ఈ స్టెయిన్ చెక్కలోకి ఇంకుతుంది, నాలుగేళ్ళు చూడక్కర్లేదు. ఏదో ఒకటి చెప్పు. నాకు మూడు పొడి రోజులు చాలు."

ఆమె స్టెయిన్ డబ్బా మీద వేలు పెట్టింది.

"ఆగాగు," అన్నాడు భర్త. ఆయన నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగి. "మా దగ్గర నమూనా చూడకుండా మంచినీళ్ళు కూడా తాగం."

"మరి పెళ్ళికి ముందు నన్నేం పరీక్షించారు?"

"అదొక్కటే తొందరపడ్డాను."

బాబాయి దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఇద్దరూ కుంచెలు పట్టారు. జానెడు గడి నూనె, జానెడు వార్నిష్, ఒక పూత, రెండు పూతలు, నూనె మీద స్టెయిన్. ప్రతి సాయంత్రం నీళ్ళు చల్లి చూడటం, మర్నాడు మళ్ళీ మీనమేషాలు లెక్కపెట్టడం. గడి పక్కన గడి చేరి, పన్నెండో రోజుకి గోడ చదరంగం బల్లలా తయారైంది. ముడి ఉన్న పలక జోలికి మాత్రం ఆమె పోనివ్వలేదు.

"దాని మీద ప్రయోగాలొద్దు."

"సరే, దాని మీద వివరాలు రాద్దాం," అని ఆయన సుద్దముక్కతో ప్రతి గడి నంబరు, దాని పూత పేరు, తేదీ ముత్యాల్లా రాశాడు.

పదమూడో రోజు, చెప్పినదానికి రెండ్రోజుల ముందే, వాన వచ్చింది.

తెరిపిచ్చాక బాబాయి వచ్చి గోడ తడిమాడు. గడులన్నీ గట్టిగా ఉన్నాయి. వాటి మీద చుక్కలు తామరాకు మీది నీళ్ళలా దొర్లిపోతున్నాయి. ప్రాణంగా చూసుకున్న పలక ఒక్కటే ఉబ్బి, విల్లులా వంగింది.

"గోడ భేషుగ్గా ఉంది. వీటిలో ఏది బాగుందో చెప్పండి, దీనికీ అదే పూస్తా."

భార్యాభర్తలు పలక వైపు చూశారు. సుద్ద గీత ఒక్కటి మిగల్లేదు.

బాబాయి నిట్టూర్చి మేకులు పీకి పలక ఊడదీశాడు. ఖాళీలో రేకు కొట్టి, పలకని ఇంట్లోకి మోసుకొచ్చాడు. ఉన్నది ఒకే గది. మంచం పక్కన గోడకి ఆనించి, జారకుండా కింద బరువు పెట్టాడు.

"వారం ఆరనివ్వండి. తర్వాత మొదటిరోజు పిల్ల వేలు పెట్టిన డబ్బానే పూస్తాను."

ఆయన వెళ్ళాక భర్త మంచం మీద కూర్చుని పలకకేసి చూశాడు. పిల్లికన్ను రెప్పవేయకుండా ఆయన్నే చూస్తోంది.

"వారం రోజులా?" అన్నాడు నీరసంగా.

"ఈసారి నమూనా మీరు కదండీ," అంది ఆమె, "దాన్ని పరీక్షించుకోనివ్వండి."