వేళ్ళు తెల్లగా తోమిన పాపం

నేను ఒక ఇనుప తీగల బ్రష్‌ను. తలుపుల తుప్పు గీకడానికి పుట్టాను. ఆ పనిలోనే అరిగిపోయి ఉంటే ఈ సిగ్గు కథ చెప్పుకోవాల్సిన ఖర్మ నాకు పట్టేది కాదు.

మందు మొక్కలను పరీక్షించే ప్రయోగశాలలో పరాంకుశం గారని ఒక పెద్ద ఉద్యోగి ఉన్నారు. శుభ్రం అంటే ఆయనకు ప్రాణం. పెన్ను మూత కూడా కడిగి పెడతారు. మొక్కల వేళ్ళలో ఆల్కలాయిడ్, అంటే జబ్బుకు పనిచేసే ఆ చేదు సారం, నూటికి ఎంతుందో కొలవడం ఆయన పని. ఆయన సరేనంటేనే మందుల కంపెనీ సరుకు కొంటుంది. మన్యంలో సర్పగంధ పండించే ఆడవాళ్ళ సంఘం పంపిన వేళ్ళకు మట్టి ఉందని ఆయనకు ఒళ్ళు మండింది. నన్ను కొని, సంఘం పెద్ద పాంగి చిలకమ్మకు పంపారు. "తెల్లగా అయ్యేదాకా తోమండి" అని చీటీ కూడా పెట్టారు.

చిలకమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మాయమ్మ వేరు మీద తోలు పోనిచ్చీది కాదు. సదూకున్న బాబు సెప్పినాడు, సేద్దుం."

నేను రెచ్చిపోయాను. తుప్పుకూ బెరడుకూ తేడా తెలియని మొద్దును. పది రోజులు ఎడాపెడా గీకాను. వేళ్ళు ముల్లంగి ముక్కల్లా తయారయ్యాయి. అప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది, అదే ఇప్పుడు తలుచుకోలేకపోతున్నాను.

పరీక్షలో సారం నిరుటిలో సగం కూడా రాలేదు. "వేరే మొక్కల వేళ్ళు కలిపారు" అని పరాంకుశం గారు రాసేశారు. ఆ కాగితం పట్టుకుని కంపెనీ మనిషి వారపు సంతలో, నలుగురిలో, చిలకమ్మను దొంగ అన్నాడు. సంఘం ఆడవాళ్ళు కూడా ఆమె పక్కన కూర్చోవడం మానేశారు.

చిలకమ్మ నన్ను గుడ్డలో చుట్టుకుని, బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చి, పరాంకుశం గారి బల్ల మీద దులిపింది. నా తీగల సందుల్లోంచి బెరడు పొడి రాలింది.

"దీన్ని కూడా కొలండి బాబూ."

కొలిచారు. తోమిన వేళ్ళలోకన్నా ఆ పొడిలో సారం ఎన్నో రెట్లుంది. సర్పగంధ తన మందును ఎక్కువగా దాచుకునేది బెరడులోనే. ఆ ముక్క ఆయన చదివిందే, శుభ్రం ధ్యాసలో పడి మరిచారు.

"ఉత్తరం రాసిస్తానమ్మా" అన్నారు.

"నన్ను దొంగన్నది సంతలో బాబూ. ఉత్తరంలో కాదు."

మరుసటి సంతకు ఆయన వచ్చారు. నన్ను పైకెత్తి, "తప్పంతా ఈ బ్రష్‌ది" అన్నారు. గీకింది నేనే కదా, సిగ్గుతో చచ్చిపోయాను.

చిలకమ్మ నెమ్మదిగా అంది: "అది దానంతటది మా కొండెక్కి రానేదు బాబూ."

ఆయన చేయి దించారు. "నేనే పంపాను. ఈమె ఏమీ కలపలేదు. తప్పు నాది" అన్నారు, నోట్లో నోట్లోనే.

"ఎనకున్నోలకి ఇనబడనేదు" అంది చిలకమ్మ.

ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పారు. నేనింకా ఆ చేతిలోనే ఉన్నాను. నా తప్పు కూడా ఒప్పుకుందామంటే ఆ సంతలో నాకు నోరు లేకపోయింది.