మురికి సీసా

ఆ ఉదయం, వాసన చూసి మార్కులు వేసే ముక్కుల బృందం కూర్చునేలోపు నేను చెయ్యాల్సిన పనులు ఇవి:

తివాచీ ముక్కలు అరచేతి సైజులో కత్తిరించాలి. అన్నీ ఒకే చుట్టలోంచి రావాలి.

వాటి మీద కంపు పొయ్యాలి. కంపంటే మేం ల్యాబులో కలుపుకునేదే, పిల్లి ఉచ్చకు కవల చెల్లెలు.

అవి ఆరాక వాసన పోగొట్టే మా మందు కొట్టాలి. రెండు ముక్కల్ని వదిలెయ్యాలి. ఒకటి కంపు పోసి మందు కొట్టనిది, దాన్ని మురికి సీసాలో వెయ్యాలి. రెండోది కంపు కూడా పొయ్యనిది, అది శుభ్రం సీసాలోకి.

సీసాల మీద అంకెలు వెయ్యకూడదు, రంగు చుక్కలే పెట్టాలి. అంకెలు మనుషులకు గుర్తుండిపోతాయి.

గోరువెచ్చని నీళ్ళు సిద్ధం చెయ్యాలి.

బృందంలో ఎవరైనా కాఫీ తాగి వచ్చారా, తలకు నూనె పెట్టుకున్నారా, సెంటు కొట్టుకున్నారా చూడాలి.

నా మొహం రాయిలా పెట్టుకోవాలి.

చివరి రెండూ మా అత్త నేర్పినవి. అత్తంటే నాన్నకు అక్క, మా ఇంట్లోనే ఉంటుంది. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చదివాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అత్త బడి గడప కూడా తొక్కలేదు. కానీ బట్టలూ తివాచీలూ శుభ్రం చేసే మందులు తయారయ్యే ఈ కంపెనీలోకి నాకంటే చాలా ముందే వచ్చింది, చీపురూ బకెట్టూ పట్టుకుని.

అంతకుముందు ఒక పెద్ద లాండ్రీలో పనిచేసేది. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్ల మూటలు విప్పకుండానే ఏది వాంతి, ఏది సారా, ఏది పసిపిల్లల పక్కో చెప్పి వేరుచేసేది. ఇక్కడ నేల తుడుస్తూ ఒకరోజు స్టోర్స్‌లో ఒక డ్రమ్ము దగ్గర ఆగి, "ఇది పాడైపోయింది, వాడకండి" అందట. విప్పి చూస్తే నిజమే. మేనేజరు ఆమె చేతిలోంచి బకెట్టు తీయించి ముక్కుల బృందంలో కుర్చీ ఇచ్చాడు. అప్పట్నుంచి అందరికీ ఆమె 'ముక్కు మేడం'.

"ఆవిడ ముందు ఆవులించాలన్నా భయమే" అనేవాడు వ్యాన్ డ్రైవరు. అతనూ బృందంలో ఉన్నాడు. "రాత్రి ఏం తిన్నానో, ఎవరింట్లో తిన్నానో కూడా చెప్పేస్తుంది."

"నీ పెళ్ళాం అడిగితే మాత్రం చెప్పన్లే, బతికిపో" అనేది అత్త.

మా పని బయటివాళ్ళకు తేలిగ్గా కనిపిస్తుంది. మరక పోవాలి, వాసన పోవాలి, అంతే కదా అంటారు. మరక పోగొట్టడానికి నురుగు పదార్థాలు బోలెడున్నాయి. వాసనే మొండిది. దాన్ని కప్పడం వేరు, పట్టుకోవడం వేరు. పూల సెంటు కలిపితే కప్పినట్టు. నేను వాడేది ఆముదం నుంచి తీసే ఆమ్లంతో చేసిన జింకు ఉప్పు. అది కంపు కణాల్ని పట్టుకుని గాల్లోకి లేవనివ్వదు. కానీ తక్కువైతే తివాచీ తడవగానే కంపు మళ్ళీ లేస్తుంది. ఎక్కువైతే ముదురు రంగు తివాచీ మీద తెల్లగా బూజు పట్టినట్టు కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో వెతకడమే నా ఉద్యోగం.

తడి పరీక్ష అత్త పెట్టించిందే. నేను చేరిన కొత్తలో ఆరిన ముక్కలు చూపించి, "చూడత్తా, ఏమన్నా వస్తోందా?" అని మురిసిపోయాను. ఆమె ముక్క మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించి సీసా నా మొహం ముందు పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పొడిగా ఉన్నప్పుడు ఎవడైనా మంచోడేనే కోడలా" అంది. "తడిపి చూడు, బుద్ధి బయటపడుతుంది."

మేనేజరు మంచివాడే గానీ ఆయనకు పూల పిచ్చి. "మూత తియ్యగానే తోటలోకి వచ్చినట్టుండాలమ్మా. జనం కొనేది వాసననే" అనేవాడు.

"శవం మీద ఎన్ని పూలు పోస్తే లేచి కూర్చుంటుంది సార్?" అని అత్త అడిగితే నవ్వేసి వెళ్ళిపోయేవాడు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తప్ప అత్త ఎవరితోనూ అలా మాట్లాడగా నేను వినలేదు. ఇంట్లో అమ్మ గట్టిగా ఒక మాటంటే తలుపు చాటుకు వెళ్ళిపోయే మనిషి.

ఆ చలికాలంలో ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చాయి. అందరం లేచాం. అత్త కూడా లేచింది.

తర్వాత ఒకరోజు పాలు పొంగి పొయ్యి మీద మాడిపోతుంటే, నేను వీధి గుమ్మంలోంచే వాసన పట్టి పరుగెత్తాను. అత్త పొయ్యి పక్కనే నిలబడి పళ్ళెం తుడుస్తోంది.

"ఏంటత్తా ఇది?"

"ఏదో ఆలోచనలో పడ్డానే."

మరోరోజు ఉతికి ఆరేసిన బట్టల్నే మళ్ళీ నానబెట్టింది. రోజుకు రెండుసార్లు స్నానం చెయ్యడం మొదలుపెట్టింది. పనికి బయల్దేరేముందు నా దగ్గరకొచ్చి భుజం చాపి, "చూడవే, చెమట కంపు కొట్టట్లేదు కదా?" అనేది. ఊరందరి కంపూ చెప్పే మనిషి తన కంపు నన్నడుగుతోంది. నేను కారణం అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం.

బృందంలో కూడా ఎప్పుడూ మొదట వాసన చూసే మనిషి చివరికి జరిగింది. "పెద్దదాన్ని, చిన్నపిల్లల్ని ముందు కానివ్వండి" అంది. మేం మార్కులు వేళ్ళతో చూపిస్తాం. ఏ వాసనా లేకపోతే పిడికిలి, భరించలేకపోతే అయిదు వేళ్ళు. అత్త కంటే ముందు చూసిన ముగ్గురూ మొహాలు ఎలా ముడుస్తున్నారో, ఎన్ని వేళ్ళు లేపుతున్నారో, అంతా ఆమె కళ్ళముందే. ఆమె మార్కులు అందరితో చక్కగా కలిసేవి. మేనేజరు ఇంకా మెచ్చుకున్నాడు.

నాకు అనుమానం రాలేదని అబద్ధం చెప్పను. అనుమానాన్ని కూడా మూత బిగించి పెట్టుకున్నాను. ముక్కు పోయిందని తెలిస్తే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే మా అత్త మళ్ళీ తలుపు చాటు మనిషే.

బృందానికి ఒక నియమం ఉంది. మురికి సీసా వాసన చూసి కూడా పిడికిలి చూపించినవాళ్ళు ఇక ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు. అది అత్త పట్టుబట్టి పెట్టించిన నియమమే. ఒకసారి అకౌంట్స్ గుమాస్తా జలుబుతో వచ్చి మురికి సీసాకు పిడికిలి చూపించాడు. పాపం, బతిమాలాడు. అత్త ఒప్పుకోలేదు. "నీ ముక్కును నమ్మి ఎవరో తల్లి తన బిడ్డను ఆ తివాచీ మీద పడుకోబెడుతుంది బాబూ" అంది.

ఇక ఆ రోజు సంగతి. ఒక పెద్ద హోటళ్ళ సంస్థ మా మందు కొనడానికి ముందుకొచ్చింది. వాళ్ళ మనిషి పరీక్ష చూస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు: బృందంలో ఒకళ్ళ మొహం ఒకళ్ళకు కనబడకూడదు. ఒక్కొక్కళ్ళే గదిలోకి రావాలి.

ఆ మాట మేనేజరు చెప్తున్నప్పుడు నేను అత్త వైపు చూశాను. ఆమె కుర్చీ చేతిని తుడుస్తోంది. అక్కడ దుమ్మేమీ లేదు.

"అత్తా, ఒంట్లో బాలేదని చెప్పి ఇంటికి వెళ్ళిపో" అన్నాను, స్టోర్స్ వెనక ఆపి.

"ఎందుకే?"

నేను ఆమె సంచీ తెచ్చి చేతిలో పెట్టాను.

"నా ఒంటికేం, గుండ్రాయిలా ఉంది" అంది. "నువ్వు మాత్రం మొహం సరిగ్గా పెట్టుకో. నీ మొహం అద్దం. లోపల ఏముందో అంతా కనబడిపోతుంది."

డ్రైవరు వచ్చి చూసి వెళ్ళాడు. స్టోర్స్ చూసే అమ్మాయి, ప్యాకింగ్ పెద్దమనిషీ చూసి వెళ్ళారు. ముగ్గురూ మురికి సీసాకు అయిదు వేళ్ళూ లేపారు. డ్రైవరయితే, "అమ్మో, ఇది మా బావమరిది సాక్సు" అని బయటికి పరుగెత్తాడు. మందు కొట్టిన సీసాలు తడిపాక కూడా ఒక వేలు దాటలేదు. ఇన్నాళ్ళ నా పని ఫలించింది. సంతోషించడానికి నాకు తీరిక లేకపోయింది.

అత్త వచ్చి కూర్చుంది. హోటలు మనిషి గోడ పక్కన, మేనేజరు ఆయన పక్కన. నేను బల్లకు ఇవతల. ఒక్కొక్క సీసా ఆమె ముందుకు జరిపాను. మూత తీస్తుంది, అరచేత్తో గాలి ముక్కు వైపు తోసుకుంటుంది, కళ్ళు మూసుకుంటుంది. ఎప్పుడూ చేసినట్టే. మొదటి రెంటికీ పిడికిలి. అవి మందు కొట్టినవే, సరిపోయింది.

మూడోది మురికి సీసా.

మూత తియ్యగానే గది కంపుతో నిండిపోయింది. గోడ పక్కనున్న మనిషి జేబురుమాలు తీసుకున్నాడు గానీ అతను ఉన్నది అత్త వీపు వైపు. ఆమెకు కనిపించేది నేనొక్కదాన్నే.

అత్త కళ్ళు మూసుకోలేదు. నన్ను చూసింది.

చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటి మీద చెయ్యి వేసి చూసే చూపు అది. అడగడం కూడా కాదు. నేనున్నానా అని చూడడం, అంతే. నేను ముక్కు కాస్త ముడిస్తే చాలు. కనుబొమ కదిలిస్తే చాలు. ఆమె అయిదు వేళ్ళూ లేపుతుంది, ఇంటికెళ్ళి ఇద్దరం ఏమీ జరగనట్టే పడుకుంటాం.

నాకు తెలియకుండానే నా ముక్కు ముడుచుకుంది. తెలిసే ముడిచానేమో కూడా. ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

అత్తకు కనబడింది. కనబడిందని నాకూ తెలిసింది.

"మొహం సరి చేసుకోవే" అంది, నాకు మాత్రమే వినబడేట్టు.

పిడికిలి ఎత్తి చూపించింది. అందరికీ కనబడేలా ఎత్తింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఇంకోసారి చూడండి."

"చూశాను సార్. నాకేం రాలేదు" అంది. "నియమం ఉందిగా."

లేచింది. కుర్చీని బల్ల కిందికి నెట్టింది. నేను మిగతా సీసాలకు మూతలు బిగిస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అత్తే మాట్లాడింది. "జ్వరం తగ్గిన రోజు పొద్దున నీ దుప్పటి మడత పెడుతుంటే తెలిసిందే. పుట్టినప్పట్నుంచి నీ వాసన తెలుసు నాకు. ఆ రోజు దుప్పటి ఉత్త దుప్పటిలా ఉంది." కొంచెం దూరం నడిచాక నవ్వింది. "లోకమంతా నీ మందు కొట్టినట్టుందే నాకు. గొప్పగా పనిచేస్తోంది."

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ముక్కులో లైటు వేసి చూశాడు. లోపలి నరం దెబ్బతిందన్నాడు. రావచ్చు, రాకపోవచ్చన్నాడు. మందేమన్నా ఉందా అని అడిగాను. కాస్త ఘాటైనవి రోజూ వాసన చూపిస్తూ ఉండమన్నాడు. రోజూ చూపిస్తున్నాను. నిమ్మతొక్క, లవంగం, కాఫీ పొడి. కళ్ళు మూసుకుని శ్రద్ధగా పీలుస్తుంది, బడికెళ్ళని పిల్ల బడికెళ్ళినట్టు. "నిమ్మా?" అంటుంది. అది లవంగం. నేను అవునంటాను. ఒకసారి కాదని చెప్పాను, ఆ పూటంతా అన్నం ముందు ఊరికే కూర్చుంది.

హోటలు వాళ్ళు మందు తీసుకున్నారు. అత్తను పంపించెయ్యలేదు. మేనేజరు ఆ మర్యాద చేశాడు, సీసాలకు మూతలు బిగించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ ఆమెను ఎవరూ ముక్కు మేడం అనరు. పాత పేరు గుర్తు చెయ్యకూడదని డ్రైవరు జోకులెయ్యడం కూడా మానేశాడు. అదే ఆమెకు ఎక్కువ బాధ.

ఇంటికొచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇవాళ ఏమేం వాసనలు చూశావు, చెప్పు" అంటుంది.

"వాన పడబోతోందత్తా. తడిమట్టి వాసనొస్తోంది."

"అది నాకూ తెలుసు, మబ్బు కనిపిస్తోందిగా. ఎలా ఉందో చెప్పు."

ఆ వాసనకు కారణమైన పదార్థం పేరు నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చల్లగా ఉందంటాను, బరువుగా ఉందంటాను, చిన్నప్పటిలా ఉందంటాను. ఆమె తలూపుతూ వింటుంది. నేను చెప్పేది ఏదీ ఆమెకు అందడం లేదని ఇద్దరికీ తెలుసు. మళ్ళీ మర్నాడు అడుగుతుంది, మళ్ళీ చెబుతాను.

ఇది చదువుతున్న మీ ఇంట్లో ఎప్పుడైనా తివాచీ మీద ఏదైనా ఒలికితే, ఇలాంటి మందేదైనా కొట్టండి. ఆరాక దాన్ని నమ్మకండి. గోరువెచ్చని నీళ్ళు చిలకరించి, వంగి వాసన చూడండి. ఏమీ రాకపోతే, ఆ తడి పరీక్ష పెట్టిన మా అత్తను ఒక్కసారి తలుచుకోండి.