మారుతాళం

లుజ్ ఆసుపత్రిలో పోయిందని పెర్లా మేడం ఫోన్ చేసి గంట కాలేదు. అయినా మిలా పొయ్యి దగ్గర నిలబడి ఎండుచేపలు వేయిస్తోంది. భర్త రోడెల్ డ్యూటీకి వెళ్ళేలోపు అన్నం తినాలి.

భర్తల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్ళను దాచే చిన్న సంస్థలో మిలా పని; దాన్ని నడిపేది పెర్లా మేడం. సెబూ నగరంలో ఎవరు ఏ ఇంట్లో దాగి ఉన్నారో ఆమె లాప్‌టాప్‌లోనే ఉంటుంది. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది కాబట్టి ఎవరెత్తుకుపోయినా చదవలేరని మేడం ధీమా. "ఇక్కడికి ఆయన రాలేడు గదా అక్కా?" అని లుజ్ అడిగితే, ఆ ధీమాతోనే "రాలేడు" అంది మిలా. నిన్న లుజ్ భర్త బెంజో నేరుగా ఆ ఇంటికే కత్తితో వచ్చాడు.

పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా అని మేడం అడిగింది. చెప్పలేదు. చేప తిరగేస్తుంటే లాప్‌టాప్ కొన్న రోజు గుర్తొచ్చింది. "నీకెందుకివన్నీ, నువ్వు కూర సంగతి చూడు" అంటూ రోడెల్ అంతా తన ఖాతాతోనే అమర్చాడు. పాస్‌వర్డ్ మరిచిపోతే డిస్క్ తెరిచే మారుతాళం, ఒక పొడుగాటి అంకెల వరుస, దానంతటదే అతని ఖాతాలో చేరింది. అది ఉంటే పాస్‌వర్డ్‌తో పనే లేదు. అప్పుడామెకు అది అతని శ్రద్ధగానే తోచింది. ఆమె జీతం కార్డు, ఫోన్, అన్నీ అతను తెరవగలిగినవే. "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికమేంటే?" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆదివారాలు ఆమె చర్చికి వెళ్తే అతను ఇంట్లోనే ఉండేవాడు.

కంచం ముందు పెట్టి అడిగింది. "బెంజోకి చెప్పింది నువ్వేనా?"

రోడెల్ ముల్లు తీస్తూ తలెత్తలేదు. "వాడు నా చిన్నాన్న కొడుకు. పిల్ల తల్లికోసం ఏడుస్తోందన్నాడు. కాపురం నిలబెడదామనుకున్నా. కత్తి పట్టుకెళ్తాడని నాకేం తెలుసు?"

"నా లాప్‌టాప్ తెరిచావు."

"నీదేంటి, మనది. బయటికి పొక్కనివ్వకు. ముందు నీ పేరే వస్తుంది, తెలుసా? కాస్త అన్నం పెట్టు."

పెట్టింది. తన పేరు వస్తుందన్నది నిజమే. రావాల్సిందే. చేతులు కడుక్కుని, అతను వింటుండగానే ఫోన్ చేసింది.

"మేడం, తాళం ఎవరూ పగలగొట్టలేదు. నా మొగుడు తెరిచాడు. పోలీసులతో రండి, ఇంకా భోంచేస్తున్నాడు."