ఇంకొకరి తొడుగు

ఆ ఇంటి మరదలు పిల్ల పెట్టె సర్దేసుకుందట. ఈ మాట పక్కింటి పిన్ని ఇస్త్రీ ఆవిడతో అంటే, ఇస్త్రీ ఆవిడ మడతల్తో పాటు మోసుకొచ్చి ఆ పిల్ల అక్క చేతిలో పెట్టింది.

"నాకెందుకమ్మా, విన్నది చెప్పాను. పొద్దున్నుంచీ తిండి మానేసి కంప్యూటర్లోకి చూస్తూ కూర్చుందంట. గోడ మీంచి పిన్నిగారు అంతా చూశారంట."

"మా కంచాలు కూడా కనిపిస్తాయా ఆవిడకి?" అంది అక్క. అనడమైతే అంది గానీ, ఆవిడ వెళ్ళగానే మంచం కిందకి వంగి చూసింది. పెట్టె మీద దుమ్ము కూడా చెదరలేదు.

పిన్ని మాటలో పాతిక పాళ్ళు నిజముంది. ఆ రోజు నాలుగింటికి మరదలికి నెట్‌లో ఇంటర్వ్యూ. పై ఊళ్ళో పటాలు గీసే ఆఫీసు. వాళ్ళు చూస్తుండగానే ఒక నదినో రోడ్డునో గీసి చూపించాలి. ఆ గీసే సరంజామా అంతా ఈ కంప్యూటర్లోనే ఉంది. ఉద్యోగం వస్తే తనకంటూ ఒక గది, దానికో తాళంచెవి. అక్క వెనకే ఈ ఇంటికొచ్చి, అక్క పిల్లలిద్దర్నీ చంకన మోసి పెంచి, ఎక్కడ ఏముందో అడిగితే చెప్పే మనిషిగా మిగిలిపోయిందామె.

ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో చెప్పడమూ చిన్న విద్య కాదు. బావ గడియారాలు బాగుచేస్తాడు. మంచి తొడుగు కనిపిస్తే పారేయడానికి ఆయనకి చేతులు రావు. చచ్చిన గడియారం తొడుగు బతికిన దానికి తొడుగుతాడు. ఆ అలవాటు వంటింటి దాకా పాకి, పంచదార డబ్బాలో గుండీలు, గుండీల డబ్బాలో టీపొడి చేరాయి. గోడ నిండా గడియారాలు. ఒక్కోటిదీ ఒక్కో లెక్క. "మా గోడ చూసి బయల్దేరినవాడికి రైలూ దొరకదు, తిట్లూ తప్పవు" అని బావే నవ్వుతాడు.

మొన్నటి పిడుగుకి కంప్యూటర్లో నెట్ అందుకునే ముక్క మాడిపోయింది. బావ సొరుగులోంచి బొటనవేలంత అడాప్టర్ తీసిచ్చాడు. "ఇది గుచ్చు మరదలా. పిన్ని గారి వైఫై గోడ దూకి నీ ఒళ్ళో వాలుతుంది."

గుచ్చింది. ఏదీ వాలలేదు. ఆ ముక్కతో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి చెప్పే డ్రైవర్ కావాలి. అడాప్టర్ మీద నీలం అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు చూసి, వీధి చివర జిరాక్స్ కొట్టుకి వెళ్ళి, ఆ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చింది. తెర మీద పచ్చగీత నింపాదిగా పాకి, చివర్లో ఆగి, పరికరం కనబడలేదంది. వేరే సందులో గుచ్చింది. ఆపి మళ్ళీ పెట్టింది. వేసింది తీసేసి, గొడుగేసుకుని వెళ్ళి పాతరకం డ్రైవర్ తెచ్చింది. అదే పాట.

"ఎదురుగా పెట్టుకుని కనబడలేదంటుందేమే!" అంది అక్క, గుమ్మంలో నిలబడి. "మీ బావకి కళ్ళజోడు లాగా."

బయట వాన సన్నబడింది. గడియారాలన్నీ కలిసి తుంపర చప్పుడే చేస్తున్నాయి. పచ్చగీత మళ్ళీ పాకుతుంటే ఆమె కళ్ళు వాలాయి. తాను గీయాల్సిన పటంలోకే నడిచి వెళ్ళింది. నీలం నది పాదాలకి చల్లగా తగిలింది, కాని తడపలేదు. రోడ్డు చివర తలుపు. తలుపు దగ్గర మనిషి ఆమె కోటు మీద కుట్టిన పేరు పెట్టి పిలిచాడు. ఆమె పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పలకాలనే ఉంది, కానీ ఆ పేరు తనది కాదు. వంగి చూసుకుంటే ఒంటి మీద కోటూ తనది కాదు. జేబులో చెయ్యి పెడితే టీపొడి తగిలింది.

చటుక్కున కళ్ళు తెరిచింది. "బావా! దీని తొడుగు మార్చావా?"

బావ కంటికున్న భూతద్దం తీయకుండానే ఆలోచించాడు. "పాతదాని మూత పగిలిందని... నీలం అక్షరాలది బావుందని... అవును సుమా!"

"అవును సుమానా! పొద్దున్నుంచీ ఎవరి పేరో పెట్టి పిలుస్తున్నాను దీన్ని!"

మూత మీది పేరు వదిలేసి, కంప్యూటర్లో గుర్తు తెలియని పరికరం వివరాలు తెరిచింది. లోపలి ముక్క తన అసలు నంబరు అక్కడ చెప్పుకుంటూనే ఉంది, అడిగినవాళ్ళు లేక. ఆ నంబరు అరచేతి మీద రాసుకుని, గొడుగు కూడా మర్చిపోయి జిరాక్స్ కొట్టుకి పరుగెత్తింది.

ఈసారి పచ్చగీత ఆగలేదు. పిన్ని వైఫై గోడ దూకింది. నెట్ తగలగానే కంప్యూటర్ మూలనున్న గడియారం దానంతటదే దిద్దుకుంది. ఇంటినిండా గడియారాలుండగా సరైన టైము బయటినుంచి వచ్చింది. నాలుగు కావస్తోంది. తడిజుట్టుతోనే కూర్చుని నది గీసింది. దాని చల్లదనం ఇంకా పాదాలకి గుర్తుంది.

రాత్రి భోజనాల దగ్గర బావ మీసం దువ్వాడు. "నా సొరుగులో సరుకు మరి! ఉద్యోగం రాక ఎక్కడికి పోతుంది?"

"పిల్లని వానలో తిప్పిందీ ఆ సరుకే" అంది అక్క. తర్వాత చెల్లెలి కంచంలో ఇంకాస్త అన్నం వడ్డిస్తూ గొంతు తగ్గించింది. "వచ్చే నెలే రమ్మన్నారా? పిల్లలకి పరీక్షలు. నా నడుం సంగతి నీకు తెలుసు. మీ బావకేమో చూపు ఆనడం లేదు. ఆలోచించుకుని చెప్తానన్నావు కదూ?"

"లేదక్కా. వచ్చేస్తానని చెప్పేశాను."