సూదమ్మ జప్తు

సూదమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా వాడరు. సోఫాలకు కవర్లు, దిండ్లు కుట్టడం ఆవిడ పని. అయితే ఆ పేరు పనివల్ల రాలేదు, నోటివల్ల వచ్చింది. దానికి తోడు అనుమానం. పాలు కొనేటప్పుడు ఓసారి వాసన చూస్తుంది, ఇంటికొచ్చాక మళ్లీ చూస్తుంది. దారిలో ఏమవుతాయని ఎవరైనా అడిగితే, "ఏమైనా అవ్వచ్చు" అంటుంది.

అంత మనిషికీ ఒకాయన టోపీ పెట్టాడు. సోఫాల దుకాణం నడిపే ఆయనకు సూదమ్మ ఏడాది పొడుగునా కవర్లు కుట్టి ఇచ్చింది. ఆయన ఇదిగో అదిగో అని తిప్పించుకుని, చివరికి కుట్లు వంకరగా ఉన్నాయి పొమ్మన్నాడు. డబ్బు ఎగ్గొడితే ఏడ్చి ఊరుకునేదేమో గాని, కుట్లు వంకరన్నందుకు కోర్టుకెక్కింది. గెలిచింది కూడా. అసలూ వడ్డీ కలిపి ఇమ్మని డిక్రీ వచ్చిన రోజున ఇక డబ్బు చేతిలో పడ్డట్టేననుకుంది. గెలవడం ఒక ఎత్తు, రాబట్టడం ఇంకో ఎత్తని అప్పటికి తెలియదు పాపం.

ఈలోగా గుడ్డల వ్యాపారి తన బాకీకోసం మెడమీద కూర్చుంటే, తోలు కుట్టే పెద్ద మిషను అమ్మేసింది. కొన్న కార్ఖానా యజమాని మంచివాడు. "నెలాఖరులోగా డబ్బు తెస్తే ఇదే ధరకు వెనక్కిచ్చేస్తా. ఆ తర్వాత మాత్రం నన్నేమీ అనొద్దు" అన్నాడు. ప్రస్తుతం సూదమ్మ ఆయన దగ్గర కూలికి కుడుతోంది. తన మిషను మీదే, పరాయి పని. రోజూ సాయంత్రం దానిమీద గుడ్డ కప్పి, గుమ్మం దగ్గర ఓసారి వెనక్కి తిరిగి చూసి వచ్చేది.

డబ్బివ్వకపోతే సామాను జప్తు చెయ్యమని కోర్టు వారెంటిచ్చింది. దాన్ని సంచిలో పెట్టుకుని కోర్టు అమీను ఆవిడతో బయలుదేరాడు. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు కనిపించే మనిషి. మొదటిసారి వెళ్తే దుకాణానికి తాళం. రెండోసారీ తాళమే. మూడోసారి సూదమ్మ కిటికీ సందులోంచి చూసింది. లోపల ఖాళీ నేల, దుమ్ములో సోఫా కాళ్ల గుర్తులు. ఆ గుర్తులింకా తాజాగా ఉన్నాయి.

"తలుపు పగలగొట్టండి" అంది.

"పైన ఆయన కాపురం, కింద దుకాణం. రెండింటికీ ఇదే తలుపు. బయటి తలుపు పగలగొట్టే అధికారం నాకు లేదమ్మా. తెరిచి ఉంటేనే అడుగు పెట్టగలను. ఒకసారి లోపలికెళ్లానా, ఇక నన్నెవరూ ఆపలేరు."

"మనం వచ్చే రోజు వాడికెలా తెలుస్తోందండీ?"

"నాకేం తెలుసమ్మా?"

ఆ "నాకేం తెలుసమ్మా" సూదమ్మకు నచ్చలేదు. తెలియనివాళ్లు అంత తొందరగా చెప్పరని ఆవిడ అభిప్రాయం. తన వకీలు దగ్గరుండే గుమాస్తా మీద కూడా అనుమానమే. మొన్నటికి మొన్న కొత్త చెప్పులు వేసుకొచ్చాడు. గుమాస్తా జీతానికి అలాంటి చెప్పులా? ఆ రాత్రి అన్నం కలుపుతూ ఇద్దర్నీ ఉతికి ఆరేసింది.

భర్త పళ్లెంలోకి చూస్తూ, "పోనీలేవే, అందరూ అలాంటివాళ్లే ఉండరు" అన్నాడు. ఆయన సరుకు రవాణా కంపెనీలో లెక్కలు రాస్తాడు. మెతకమనిషి.

"మీకందరూ మంచివాళ్లే. అందుకే మీ కంపెనీలో జీతం పెంచరు."

ఆయన మంచినీళ్లు తాగి లేచాడు.

సూదమ్మ ఉచ్చు పన్నింది. జప్తుకు వెళ్లేది సోమవారమని గుమాస్తాకు చెప్పింది. అమీనుకు బుధవారమంది. ఇంట్లో శుక్రవారమంది. భర్త మీద అనుమానముండి కాదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, ఆ రెండు రోజుల సంగతి చెబితే దారిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పేస్తాడని. ఏ రోజున సామాను కదిలితే ఆ దొంగ దొరికినట్టే.

సోమవారం దుకాణానికి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో కూర్చుని, అక్కర్లేని కాగితాలన్నిటికీ నకళ్లు తీయించుకుంది. సామానంతా మళ్లీ దుకాణంలో సర్దుకుని సోఫాలాయన హాయిగా బేరాలు చేసుకుంటున్నాడు. సోఫా ఒక్క అంగుళం జరగలేదు. అంటే చెప్పులు గుమాస్తా సొంత డబ్బుతోనే కొన్నాడన్నమాట. బుధవారం అమీనుకు ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పి, మళ్లీ అక్కడే కూర్చుంది. ఆ రోజూ ఏమీ కదల్లేదు. అమీను నిర్దోషి అని తేలినందుకు సంతోషించాల్సింది పోయి ఆవిడ డీలా పడిపోయింది. అంత కష్టపడి పెంచుకున్న అనుమానం మరి.

శుక్రవారం పొద్దున్న కార్ఖానాకు బయలుదేరింది. కాపలా కాద్దామన్న ఆలోచనే లేదు. దారి ఆ దుకాణం ముందునుంచే. మలుపు తిరిగేసరికి వ్యాను నిలబడి ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. ఇద్దరు కూలీలు సోఫా ఎక్కిస్తున్నారు.

కాళ్లు ఆగిపోయాయి. శుక్రవారం. ఈ మాట తను ఒక్కరికే చెప్పింది. ఎవరో కొనుక్కెళ్తున్నారేమోనని సర్దిచెప్పుకోబోయింది. కొనేవాళ్లు దుకాణం మొత్తం కొనరుగా! అనుమానించడంలో అంత చెయ్యి తిరిగిన మనిషికి, ఆ క్షణాన మాత్రం అనుమానించడం చేతకాలేదు. అమీనుకు ఫోన్ చేసింది.

"వారెంటు సంచిలోనే ఉందా? తలుపు తీసి ఉంది. రండి."

అమీను రొప్పుతూ వచ్చాడు. ఇద్దరూ లోపల అడుగు పెట్టాక, సోఫాలాయన మొహం పాలిపోయింది.

"చెల్లెమ్మా, ఒక్క మాట..."

"చెల్లెమ్మా గిల్లెమ్మా అనకు. మా ఆయన నీకెందుకు కబుర్లు మోస్తున్నాడో చెప్పు. ఎంతిస్తున్నావ్?"

ఆయన ఆవిడ వైపు, అమీను వైపు మార్చి మార్చి చూశాడు. "ఇవ్వడమేమిటమ్మా? ఇవ్వాల్సిందంతా ఇచ్చేశాగా. డిక్రీ వచ్చిన కొత్తలోనే బావగారి చేతిలో పెట్టాను, వడ్డీతో సహా. మొగుడూ పెళ్లాలు వేరా అనుకున్నాను. వారెంటొచ్చాక ఆయనే వచ్చి, ఆవిడకు నేనే చెప్తాను, ఉద్యోగం దొరగ్గానే సర్దేస్తాను, అందాకా సామాను పక్కకు తీసుకో అని బతిమాలాడు. రసీదు కూడా తీసుకోలేదు."

"ఉద్యోగం దొరగ్గానే ఏమిటి? ఆయనకు ఉద్యోగం ఉంది. అబద్ధమాడినా అతికేట్టు ఆడాలి."

సోఫాలాయన గోడవైపు చెయ్యి చూపించాడు. అక్కడ పాత ఆఫీసు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. "ఆ కంపెనీ మూసేశారమ్మా. సామాను నేనే కొన్నాను. అప్పుడే బావగారు కనబడ్డారు."

అన్నిటికన్నా పైనున్న కుర్చీకి నీలం దిండు కట్టి ఉంది. భర్తకు నడుంనొప్పని సూదమ్మే కుట్టింది. అంచు చుట్టూ జంట కుట్టు, కట్టుకోవడానికి నాలుగు నాడాలు. దిండు మధ్యలో ఒక మనిషి వీపంత గుంట పడి ఉంది.

ఆ గుంటమీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో భర్తకు ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"ఎక్కడేమిటే? ఆఫీసులో. సీట్లోనే ఉన్నా. ఏం, ఏమైంది?"

వెనక ఎక్కడో పిల్లలు ఆడుకుంటున్న అరుపులు, పక్షుల గోల. పార్కు కాబోలు. రోజూ తను కట్టిచ్చే అన్నం డబ్బా అక్కడే విప్పుతున్నాడన్నమాట.

"ఏం లేదు. అన్నం వేళకు తినండి" అని పెట్టేసింది.

కోపంతో ఒళ్లు మండిపోయింది. దొంగ ఎవరా అని తను ఊరందర్నీ తిడుతుంటే, ఎదురుగా కూర్చుని పప్పన్నం తిన్నాడు! ఆ మండుతున్న కోపంలోనే ఇంకో లెక్క తేలింది. కంపెనీ లేకపోతే జీతమెక్కడిది? ప్రతినెలా ఒకటో తారీఖున ఆయన తెచ్చి తన చేతిలో పెట్టిన నోట్లు ఎక్కడివి? ఇంటద్దె, బియ్యం, కరెంటు బిల్లు, అత్తగారి మందులు. తన మిషను ముక్కలు ముక్కలుగా ఇంట్లోకే వచ్చింది, ఇంట్లోనే ఖర్చయిపోయింది. పైగా "ఇంతేనా?" అని ఆయన్ను నెలనెలా సాధించింది తనే.

అమీను గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, బయట చేతికిచ్చిన డబ్బు కోర్టులో నమోదు కాకపోతే ఇచ్చినట్టు కాదు. నా వారెంటు ప్రకారం బాకీ అలాగే ఉంది. ఏవేవి జప్తు చెయ్యాలో చూపించు, రాసుకుంటాను. ఆ రెండు పెద్ద సోఫాలు చాలు."

ఆ రెండు సోఫాలు చాలు. వాటిని విడిపించుకోవడానికి సాయంత్రానికల్లా డబ్బు కక్కుతాడు, మిషను వెనక్కొస్తుంది. ఎదురుగా ఉన్నది కుట్లు వంకరన్న మనిషి. కోర్టుకీడ్చేదాకా పైసా రాల్చని మనిషి. వాడికి రెండుసార్లు నష్టమొస్తే తనకేం పోయింది? చట్టం కూడా తనవైపే ఉంది. సూదమ్మ సోఫాల వైపు చాలాసేపు చూసింది. వాటి కవర్లు తను కుట్టినవే. కుట్లు ఎక్కడా వంకర లేవు.

"ముట్టిందని రాయండి" అంది చివరికి.

సోఫాలాయన కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. అమీను మాత్రం కలం ఎత్తలేదు. "ఆలోచించుకున్నావా? ఒకసారి రాశాక నేను మళ్లీ రాను."

"రాయండి. మీమీద కూడా ఫిర్యాదు పెడదామనుకున్నాను, ఏమనుకోకండి."

"పర్లేదమ్మా, అందరూ పెడుతుంటారు." కాగితం మోకాలిమీద పరుచుకున్నాడు. "అయితే ఎవరి చేతికి ముట్టిందో రాయాలి. మీ ఆయన పేరు చెప్పు."

ఆయన పేరు రాస్తే కాగితంమీద ఆయన దొంగవుతాడు. ఇంటికెళ్లాక దులపాల్సింది ఎలాగూ దులుపుతుంది, అది వేరే సంగతి.

"నా చేతికే" అంది సూదమ్మ. "ప్రతినెలా ఒకటో తారీఖున. ఎక్కడైనా తగ్గిందేమోనని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను కూడా."