చేసినోడికి లేని పేరు

పులివెందుల సంబంధం ఖాయమయ్యేటట్టుందని తల్లి చెప్పిన రోజున పవన్ ఇక దాచుకోలేకపోయాడు. జమ్మలమడుగులో మోటారు వైండింగ్ షాపు నడుపుకునే మనిషి, ముప్పై దాటాయి. చేటలో కందిపప్పు ఏరుతున్న పద్మావతమ్మ ఎదుట కూర్చుని, తన మనసు మగవాళ్ల మీదకే పోతుందనీ, ఊహ తెలిసినప్పటి నుంచీ అంతేననీ చెప్పేశాడు.

ఆమె చెయ్యి ఆగింది. "ఎవునితోనన్నా తిరుగుతాండావా?"

"లేదుమా."

"పోనీ, ముందెప్పుడన్నా?"

"ఎప్పుడూ లే."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "మరింకేంది? ఏం చేయకుండానే నీకెట్ల తెలుస్తాదిరా? సెల్లులో ఏందేందో చూసి మనసు చెడగొట్టుకున్యావు. పెండ్లయితే అదే సర్దుకుంటాది."

నాయనను చేసుకోకముందు నీకు తెలియలేదా అని అడగబోయి నాలుక కరుచుకున్నాడు పవన్. తల్లిని అడిగే మాటా అది!

మరుసటి రోజు షాపు తెరవకుండా ప్రొద్దుటూరు బస్సెక్కాడు. అక్కడ యశ్వంత్‌కు బట్టల షాపుంది. ఐటీఐలో ఇద్దరిదీ ఒకే బెంచీ. అప్పటి నుంచీ పవన్‌కు అతనంటే ప్రాణం. ఆ సంగతి మాత్రం ఎన్నడూ బయటపెట్టలేదు. యశ్వంత్‌కు భార్య ఉంది, కూతురుంది. సరుకు కోసం వేరే ఊళ్లకు పోయినప్పుడు అప్పుడప్పుడు మగవాళ్లతో గడిపి వస్తానని మందు మీద అతనే ఒకసారి చెప్పాడు. తనను అర్థం చేసుకునేవాడు ఎవడైనా ఉంటే వీడేననుకున్నాడు పవన్.

పవన్ చెప్పింది విన్నాక యశ్వంత్ మొహం మాడ్చుకున్నాడు. "అట్లాంటోణ్ణని నీ నోటితో నువ్వే చెప్పుకుంటాండావేందిరా?"

"నువ్వు కాదా?"

"నేనా? నాకు పెండ్లాం ఉండాది. ఆయమ్మంటే నాకు శానా ఇష్టం. ఏదో అప్పుడప్పుడు... అది వేరే."

"వేరే ఎట్లయితాది మామా? పోయేది నువ్వు. నేను ఎవురి చెయ్యి గూడ పట్టుకోలే."

"అదే నేను చెప్పేది! ఏం చేయనోనికి నీకెందుకురా ఆ పేరు?"

భార్య మీద ఇష్టముందన్న మాట అబద్ధం కాదని పవన్‌కు తెలుసు. అబద్ధమైతే కనీసం పోట్లాడేవాడు. చేసేవాడేమో తాను అట్లాంటోణ్ణి కాదంటాడు, ఏమీ చేయనివాడు అట్లాంటోడు కాలేడంటారు. ఇక తనెవరు? తిరుగు బస్సులో కండక్టర్‌తో చిల్లర దగ్గర ఊరికే గొడవపడ్డాడు.

ఆదివారం తల్లి పోరు పడలేక పులివెందులకు పోయాడు. పెండ్లికూతురు జాహ్నవి ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టు. పెద్దవాళ్లు ఇద్దరినీ మాట్లాడుకోమని మిద్దె మీదకు పంపారు. పవన్ నేల చూస్తూ అంతా చెప్పాడు, ఎవరితోనూ ఏమీ లేదన్న మాటతో సహా.

ఆమె అతని మొహంలోకి చూసింది. "నన్ను చూస్తే మీకేమన్నా అనిపిస్తాందా?"

"మంచివారనిపిస్తాంది."

"నేనడిగింది అది కాదు."

"...లేదు."

"వేరే ఆడమనిషిని చూస్తే?"

"లేదు."

"అయితే మీరు చేసిందీ చేయందీ నాకెందుకు? ఇది చాలు." ఆమె గొంతులో కోపం పొంగింది. "ఇంతమందిని పిలిచి, పట్టుచీర కట్టించి, ఇప్పుడా చెప్పేది? ఈడికి రాకముందు ఒక్క ఫోన్ చేయలేకపోయినారా?"

తనను నమ్మిన ఒక్క మనిషికి కూడా పవన్ అన్యాయమే చేశాడు.

అబ్బాయి నచ్చలేదని జాహ్నవి తన తండ్రికి చెప్పేసింది. పిల్లకు పొగరని పద్మావతమ్మ దారి పొడుగునా తిట్టి, సగం దారి రాకముందే చక్రాయపేట సంబంధం కోసం పెండ్లిళ్ల పేరయ్య ఆదినారాయణకు ఫోన్ కలిపింది. ఈసారి పవన్ చూపులదాకా ఆగలేదు. ఫోన్ లాక్కుని సంగతేమిటో ఆదినారాయణకే చెప్పాడు. ఆయన నోరు ఆగే నోరు కాదు. నెల తిరక్కముందే మాట ప్రొద్దుటూరుదాకా పాకింది. తల్లి అన్నం పెట్టడం మానలేదు గానీ, మాట్లాడటం మానేసింది.

ఒక మధ్యాహ్నం యశ్వంత్ ఫోన్ చేశాడు. "కొన్ని దినాలు నా షాపు దిక్కు రావాకురా. నిన్ను చూసి నన్ను గూడ అట్లాంటోడే అనుకుంటారు."

పవన్‌కు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఫోన్ పక్కన పెట్టి మోటారు మూత బిగించబోయాడు. బోల్టు ఎక్కలేదు. మళ్లీ తిప్పాడు, ఎక్కలేదు. పానాను గోడకేసి కొట్టాడు.